షాలిమార్ ఉద్యానవనం

శ్రీనగరంలో దాల్ సరస్సుకు ఈశాన్య దిశన షాలిమార్ ఉద్యానవనమున్నది. నేటి యాత్రికులు రోడ్డు మార్గాన వచ్చి ద్వారం వద్ద దిగుతారు. మొగలుల కాలంలో దారి వేరు. సరస్సు నుండి ఒకటిన్నర కిలోమీటరుకు పైగా సాగే కాలువలో, పడవపై వచ్చేవారు. తోటలోని నీరే ఆ కాలువగుండా వారికి ఎదురు వచ్చేది.

అక్బరు సేనలు 1586లో కాశ్మీరును జయించాయి. కాని ఆ నేల అందానికి దాసుడైనవాడు అతని కుమారుడు జహంగీరు. ఇతడు 1619లో ఈ తోటను ప్రారంభించి, సెలయేటికి కట్ట వేయించే పనిని యువరాజు ఖుర్రముకు అప్పగించాడు. ఆ ఖుర్రమే తరువాతి షాజహాను. అతని ఏలుబడిలో, 1630 ప్రాంతాన, సుబేదారు జఫర్ ఖాన్ తోటను విస్తరింపజేశాడు.

కొండవాలును మెట్లుమెట్లుగా మలచి, హర్వాన్ వైపునుండి వచ్చే నీటిని నట్టనడుమ కాలువగా పారించారు. యంత్రమేదీ లేదు. పై మెట్టుకు, క్రింది మెట్టుకు గల ఎత్తు తేడాయే జలయంత్రాలను చిమ్మించేది. జలపాతాల వెనుక గోడలో చిన్న చిన్న గూళ్ళు అమర్చారు. వీటికి చీనీఖానా అని పేరు. పగలు వాటిలో పూలపాత్రలు, రాత్రి దీపాలు ఉంచేవారట. నీటి తెర వెనుక వెలిగే దీపాన్ని ఊహించుకోవలసిందే!

ఈ తోట విహారస్థలం మాత్రమే కాదు, రాజసభ కూడ. అన్నిటికంటె దిగువన ప్రజలకు దర్శనమిచ్చే దివాన్-ఎ-ఆమ్. అక్కడ నల్లరాతి సింహాసనాన్ని సరిగ్గా నీటి ప్రవాహం మీదనే నిలిపారు. ఆపైన ఆంతరంగికులకు దివాన్-ఎ-ఖాస్. నేడు దాని పీఠం మాత్రమే మిగిలింది. పై భాగం అంతఃపురానిది. జలయంత్రాల నడుమ నిలిచిన నల్ల చలువరాతి మండపం అక్కడే ఉన్నది. అనగా నీరు రాణివాసాన్ని తాకి, మంత్రులను దాటి, చివరకు ప్రజల చెంతకు చేరేది. మనుష్యుల అంతస్తులను ఇంత స్పష్టంగా నేలపై గీసి చూపిన తోటలు అరుదు.

నీటికీ, అధికారానికీ గల ఈ సంబంధాన్ని కాశ్మీరులో ఒక కథగా చెప్పుకుంటారు. సమీపంలోని నిషాత్ తోటను షాజహాను మామ ఆసఫ్ ఖాన్ 1633లో పన్నెండు మెట్లతో నిర్మించాడు. చక్రవర్తి దానిని మెచ్చుకొన్నాడు, మామ కానుకగా ఇస్తాడేమోనని చూచాడు. ఆసఫ్ ఖాన్ మౌనం వహించాడు. అంతట షాజహాను ఆ తోటకు పోయే నీటిని ఆపించాడు. యజమాని దుఃఖం చూడలేక ఒక సేవకుడు సాహసించి నీరు వదిలాడు. శిక్ష తప్పదని అందరూ భయపడగా, చక్రవర్తి అతనిని మన్నించి, నిషాత్‌కు నీటి హక్కు ఇచ్చాడట. ఇది జరిగినదో కాదో గాని, నీరాగిన తోట ఏమవుతుందో ఎరిగినవారు చెప్పిన కథ.

షాలిమార్, నిషాత్‌లతో సహా ఆరు కాశ్మీరు మొగల్ తోటలను 2010లో భారతదేశం యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలో చేర్చింది. ఒకప్పుడు రాణివాసానికే పరిమితమైన పై మెట్టు వరకు ఇప్పుడు ఎవరైనా నడచిపోవచ్చు. శరత్కాలంలో వెళ్ళినవారికి చినారు ఆకులు ఎర్రబారి కాలువలో తేలుతూ కనిపిస్తాయి.