ఒంటి మీద ఒకటి, తాడు మీద ఒకటి

సంక్రాంతి దాటాక మా ఆయనా నేనూ ఇల్లు అద్దెకిచ్చి వ్యాన్‌లో ఉండబోతున్నాం. పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీయించి మంచం, పొయ్యి గట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాం. ఆ మార్పులన్నిటికీ ఆర్టీఏ అనుమతి తీసుకున్నాం. మంచం కింద మూడు సొరుగులున్నాయి. మొదటిది వంట సామానుకు, రెండోది మందులకూ పుస్తకాలకూ పనిముట్లకూ, మూడోది బట్టలకు. దాని పొడవు మూడున్నర అడుగులు, వెడల్పు అడుగున్నర, లోతు మోచేతి దాకా. ఇద్దరి బట్టలూ అందులోనే పట్టాలి.

ఇంట్లో రెండు ఇనుప బీరువాలున్నాయి, రెండూ నిండా చీరలే. గద్వాలలో ఉద్యోగంలో చేరి, వనపర్తిలో చాలా ఏళ్లు చేసి, నాగర్‌కర్నూల్‌లో రిటైరైన టీచర్‌ని. మా వృత్తిలో చీర రోజూ పిల్లల కళ్ల ముందు ఉంటుంది. నిన్న కట్టింది ఇవాళ కడితే ముందు బెంచీ ఆడపిల్లలు వెంటనే గుర్తుపడతారు. అలా కొన్నవి కొన్ని. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పెట్టినవి మరికొన్ని. వీటన్నిటి కన్నా కదిలించడానికి కష్టమైనవి ఒడిబియ్యం చీరలు. పుట్టింటివాళ్లు బియ్యం, పసుపు, కుడకలతో కలిపి ఒడిలో పోసిన చీరను తీసేయాలంటే చెయ్యి ఆడదు. ఈ మూడు జిల్లాల్లో ఏ ఆడమనిషి బీరువా తెరిచినా అడుగున అవే ఉంటాయి.

బట్టలు తగ్గించుకోవడం మీద బయటి దేశాల్లో చాలా రాశారు. 1970ల్లో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూజీ ఫో, ఒకదానితో ఒకటి కలిసే మంచి బట్టలు కొన్ని ఉంటే చాలని తన దగ్గరకొచ్చే ఆడవాళ్లకు చెప్పేది. జపాన్‌కు చెందిన మేరీ కొండో పుస్తకం 2014లో ఇంగ్లిష్‌లోకి వచ్చాక ప్రపంచమంతా చదివింది. వస్తువును చేతిలోకి తీసుకోండి, సంతోషం కలిగితే ఉంచండి, లేకపోతే సాగనంపండి అంటుంది ఆవిడ. మా అమ్మ పోసిన ఒడిబియ్యం చీరను చేతిలోకి తీసుకుంటే సంతోషం కలగకుండా ఎలా ఉంటుంది? ఆ పద్ధతిన పోతే నా బీరువాలో ఒక అర కూడా ఖాళీ కాదు. నాకు పనికొచ్చిన కొలత ఈ నేలలోనే దొరికింది, అదీ చాలా ఏళ్ల కింద.

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలు కాకముందు ఇదంతా మహబూబ్‌నగర్, జనం నోట పాలమూరు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. ముంబైలో కామాటిపురకు ఆ పేరు మన వైపు నుంచి వెళ్లిన కామాటి కూలీల వల్లే వచ్చింది. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని బయల్దేరేవాళ్లు. దీపావళి తర్వాత నా తరగతిలో వరుసలు పలచబడేవి. కొందరు పిల్లలు అవ్వ దగ్గర ఉండిపోయేవాళ్లు, కొందరు తల్లిదండ్రులతో పోయేవాళ్లు. జురాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక చాలా ఊళ్లలో వలస తగ్గింది. పూర్తిగా ఆగలేదు.

కొల్లాపూర్ వైపు ఊరికి చెందిన ఒక తల్లి, బిడ్డ టీసీ గురించి మాట్లాడటానికి బడికి వచ్చింది. సాయంత్రం డీసీఎం ఎక్కుతున్నారు. ఉతికి మూతి కుట్టిన యూరియా సంచి ఒకటి పక్కన పెట్టుకుంది.

"ఆర్నెల్లు పోతున్నవ్ గదమ్మా, బట్టలు ఇంతేనా?" అనడిగాను.

"ఇంతే టీచరమ్మా. ఒంటి మీద ఒకటి, తాడు మీద ఒకటి, సంచిల ఒకటి. ఇంకోటుంటే పెట్టనీకె జాగేడిది, ఉతకనీకె నీళ్లేడియి?"

ఆమె లెక్క బీదరికం నేర్పిన లెక్క. నేను ఇష్టపడి ఎక్కే బండినీ, ఆమె అప్పు తీరడానికి ఎక్కిన బండినీ ఒకటిగా చూడలేను. అయినా ఆ మాటలో ఉన్న తెలివి ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. బట్టలెన్ని అన్న ప్రశ్నకు ఆమె నీళ్లతో, తాడుతో, జాగాతో జవాబు చెప్పింది. నా సొరుగును ఆ వరుసలోనే సర్దుకున్నాను.

మొదట తాడు. చీర ఎంతసేపట్లో ఆరుతుందో దాన్నిబట్టి ఎన్ని చీరలు కావాలో తేలుతుంది. ఎండాకాలం నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య నేలలో, పొద్దున పదింటికి ఆరేసిన నూలు చీర వంటయ్యేలోగా పెళపెళలాడుతుంది. శ్రావణంలో నల్లమల అంచున, అచ్చంపేట దాటి మన్ననూరు దగ్గర ఆరేస్తే మర్నాటికి కూడా అంచు చెమ్మగానే ఉంటుంది. కాబట్టి ఎండాకాలానికి మూడు చాలు, వానాకాలానికి ఇంకో రెండు కావాలి. ఆ రెండూ తేలిగ్గా ఆరేవి కావాలి.

నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా గాలిలోని చెమ్మనే పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్‌కు అది అర శాతం కూడా ఉండదు. అందుకే నూలు ఒంటికి చల్లగా ఉంటుంది, ఆలస్యంగా ఆరుతుంది. పాలిస్టర్ ఇట్టే ఆరుతుంది, మన ఎండలో ఒంటికి అంటుకుని ఊపిరాడనివ్వదు. బయట 42 డిగ్రీలున్న రోజు ఎండలో మూసి నిలిపిన బండి లోపల 60 దగ్గరకు పోతుంది. అందులో కూర్చుని నైలాన్ నైటీ వేసుకోవడం ఎలా ఉంటుందో మే నెలలో ఒక మధ్యాహ్నం చూస్తే తెలుస్తుంది. అందుకని నూలు చీరలు మూడు, నూలూ పాలిస్టరూ కలిసినవి రెండు ఉంచుకున్నాను. పొద్దున నడకకు రెండు పంజాబీ డ్రెస్సులు, రాత్రికి రెండు నూలు నైటీలు. మా ఆయనవి నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, మూడు లుంగీలు, పండుగకు ఒక పంచె. సన్మానాల్లో కప్పిన శాలువాల్లో ఆయన ఒక్కటీ అడగలేదు.

తర్వాత నీళ్లు. చేత్తో చీర ఉతకాలంటే నానబెట్టడానికీ జాడించడానికీ కలిపి రెండు మూడు బకెట్లు పోతాయి. మా ట్యాంకు తాగడానికీ వండడానికీ సరిపోతే గొప్ప. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డునో, సోమశిల దగ్గర శ్రీశైలం వెనక నీళ్ల ఒడ్డునో బండి ఆపినా సబ్బు పెట్టి నదిలో జాడించకూడదని మేం ముందే అనుకున్నాం. నీళ్లు తోడుకొచ్చి, ఒడ్డుకు దూరంగా ఉతికి, మురికి నీళ్లు మట్టిలో పొయ్యాలి. ఆ శ్రమ గుర్తున్నప్పుడు మాసినట్టు కనపడని రంగులు ఎంచుకోవడం తేలికైంది. నాగర్‌కర్నూల్ చెలకల ఎర్రమట్టి తెల్ల లంగాకు పడితే ఎన్నిసార్లు ఉతికినా గోధుమరంగు నీడ మిగులుతుంది. ఆలంపూర్ వైపు రేగడి బురద నల్లగా పడుతుంది. ముదురు గోధుమ, మెరూన్, సీసా పచ్చ ఈ రెండు మట్టుల్నీ మోస్తాయి. లంగాలన్నీ మెరూన్‌వే తీసుకున్నాను.

చీరలకన్నా రైకలు ఎక్కువ జాగా తింటాయి. చీరకొక రైక కుట్టించుకోవడం మన అలవాటు. నలుపు ఒకటి, మెరూన్ ఒకటి, మట్టి బంగారం రంగుది ఒకటి ఉంటే నా చీరలన్నిటి మీదకూ వస్తాయి. లండన్ దుకాణంలో సూజీ ఫో చెప్పిన సంగతి మన వేషంలో ఇక్కడే అమరింది.

గంజి మానేశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర తప్ప కట్టలేదు. కానీ గంజి పట్టించిన గుడ్డను మూసి దాస్తే వెండిరంగు పురుగులు దాని కోసమే వస్తాయి, చెమ్మ తగిలితే బూజూ పడుతుంది. గంజి లేని చీర మెత్తగా మడతపడి సగం జాగాలో ఇముడుతుంది.

కలరా ఉండల సంగతి గట్టిగా చెప్పాలి. ఆ తెల్ల ఉండలు నాఫ్తలీన్‌వి. కరగకుండానే ఆవిరైపోతాయి, ఆ ఆవిరే పురుగుల్ని చంపేది. మనం పడుకునే మంచం కిందే ఆ ఉండలు పెడితే రాత్రంతా ఆ ఆవిరి పీలుస్తాం. కొందరికి పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉంటుంది, అలాంటి వాళ్లకు నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త అవసరం. ఇల్లయినా, బండి అయినా వాటిని దూరం పెట్టండి. నీడన ఎండబెట్టిన వేపాకు, నాలుగు లవంగాలు పల్చటి గుడ్డలో మూటకట్టి పెడుతున్నాను. నెలకోసారి చీరల్ని విప్పి గాలికి ఆరేయడం ఏ మందుకన్నా మేలు.

ఇక గద్వాల చీర. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల పోగులు కలిసే చోట ఒక్కో పోగునూ పెనవేస్తూ నేసే పని అది. అంచు మీద కోట కొమ్మలు. గద్వాలలోనే కాదు, రాజోలి, అయిజల్లో, వనపర్తి జిల్లా అమరచింతలో కూడా ఈ మగ్గాలున్నాయి. మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. బరువు చూస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఎన్ని చీరలు వదిలినా ఈ నేల మనిషి ఒక్క గద్వాలైనా వెంట ఉంచుకోవాలని నా పట్టుదల. బండిలో ఉన్నంత మాత్రాన పెళ్లిళ్లు ఆగవు, దినాలు ఆగవు. అక్కడికి ఆ ఒక్క చీర చాలు. దాన్ని చెమట ఆరాకే మడవాలి, చెమట జరీని నల్లబరుస్తుంది. ప్రతిసారీ మడత చోటు మార్చాలి, లేకపోతే పట్టు ఆ గీత వెంటే చిట్లుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ కవరు పనికిరాదు.

మిగిలిన గద్వాల చీరలు ఎవరికివ్వాలన్న దగ్గర నాకు వారాలు పట్టింది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. నేతగాళ్లు నియమంతో నేసి, సంస్థానం పేరున స్వామికి పంపే ఆనవాయితీ అది. నేసిన చేతుల నుంచి కట్టే ఒంటికి గుడ్డ చేరాలన్నది ఈ ఊరికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అలాగే నా చీరలూ కట్టేవాళ్లకే పోవాలనుకున్నాను, బీరువా మార్చుకోవడానికి కాదు. ఇద్దరు కోడళ్లు, మా ఆడబిడ్డ, నాతో పనిచేసిన ఒక చిన్న టీచరు వచ్చి విప్పి చూసి, ఎవరికి ఏది నప్పుతుందో భుజాన వేసుకుని తీసుకెళ్లారు. "అత్తమ్మా, ఇది రేపే కట్టుకుంట" అన్న పెద్దకోడలికి ఇంకోటి ఎక్కువిచ్చాను.

చిరిగినవీ చివికినవీ పేదవాళ్లకు మూటగట్టి ఇవ్వడం నాకు నచ్చదు. వాళ్లకూ అవి చిరిగినవే కదా. పనికొచ్చే నూలంతా పసిపిల్లల పొత్తిగుడ్డలకు పోయింది. ఉన్ని స్వెటర్లు పాత బట్టలు కొనేవాళ్లకు వేశాను. అలాంటివి చాలావరకు హర్యానాలోని పానిపట్ చేరి పీచుగా మారి, మళ్లీ కంబళ్లవుతాయి.

కంబళి మాట వచ్చింది కనుక గొంగడి గురించి చెప్పాలి. గొర్లు తోలుకుని కాపర్లు నెలల తరబడి ఊరు దాటి పోతారు. వాళ్ల ఇల్లంతా భుజం మీద గొంగడే. దక్కనీ గొర్రెల ఉన్ని చేత్తో వడికి కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించినది. వానకు నెత్తిన కొప్పెర వేసుకుంటారు, చలికి కప్పుకుంటారు, ఎండకు చెట్టు కింద పరుచుకుంటారు. నల్లమల చలి రాత్రుల కోసం మేం స్వెటర్లు, రెయిన్‌కోట్లు, రగ్గు అన్నీ మాని ఒక్క గొంగడి తీసుకున్నాం. మొదట గరుకుగా గుచ్చుతుంది, వాడే కొద్దీ మెత్తబడుతుంది.

ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన పూర్వులు ఏం తిన్నారో, ఏం ఆడారో చెబుతూ ఏం కట్టారో కూడా శ్రద్ధగా ఏరి కూర్చాడు. 1955లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న ఆ పుస్తకాన్ని రెండో సొరుగులో పెట్టాను. రాజుల యుద్ధాలంత విలువ జనం గుడ్డకూ ఉందని నమ్మిన మనిషి మా నడిగడ్డవాడు కావడం నాకు గర్వం.

చివరికి ఒడిబియ్యం చీరలు మిగిలాయి. ఒకదాని జరీ అంచు విప్పించి మనవరాలి లంగాకు వేయిస్తున్నాను. మిగతావాటి ఒళ్లు పొరలుగా పేర్చి బొంత కుట్టమని తెల్కపల్లి దగ్గర ఒక అవ్వకు ఇచ్చాను. వ్యాన్ మంచం మీద పరుపుకు బదులు అదే. నిన్న ఫోన్ చేసింది: "అన్నీ మెత్తటియే ఇచ్చినవ్ బిడ్డా, నడుమల ఒక ముతకది ఉండాలె, లేకుంటే బొంత నిల్వదు." మా ఆయన పాత పంచె ఒకటి ఉంది. శనివారం పెబ్బేరు సంతకు పోయేటప్పుడు ఇచ్చి రావాలి.