చీనీ ఆకు మీద స్నేక్ గేమ్

మొన్న సెలవుల్లో పులివెందుల దగ్గర మా మామ చీనీ తోటకు పోయినా. (కోస్తా ఫ్రెండ్స్ కోసం: చీనీ అంటే మీ బత్తాయి.) ఇంకా మూడేళ్లు నిండని చెట్లు. లేత ఆకుల మీద వంకరటింకరగా వెండి గీతలు, అచ్చం పాత నోకియా ఫోన్లో స్నేక్ గేమ్ లాగా.

"పాముపొడ రా. వారం కిందే మందు కొట్టినా, మళ్లా ఇట్లే ఉంది," అన్నాడు మామ. ట్యాంకుకు ఎంతయిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇది ఒక బుల్లి రెక్కల పురుగు పని. పేరు ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. కలకత్తాలో దొరికిన పురుగులను చూసి 1856లో స్టెయింటన్ అనే ఇంగ్లీషాయన పెట్టిన పేరు. రెక్కలు చాపినా సుమారు 5 మిల్లీమీటర్లే. తెల్లటి రెక్కలు, కొసన ఒక్కో నల్ల చుక్క. తిరిగేది ఎక్కువగా రాత్రిపూట కాబట్టి రైతు కంట్లో పడేది గీతే, పురుగు కాదు.

లేత ఆకు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు నేరుగా ఆకు పైపొర కిందికి దూరి, కణాలను కోసి రసం తాగుతూ ముందుకు పోతుంది. అది పెరిగేకొద్దీ గీత వెడల్పవుతుంది. మధ్యలో కనిపించే నల్ల దారం దాని రెట్ట. నాకైతే ఇది లాగ్ ఫైల్ లాగా అనిపించింది: ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది, అన్నీ ఆకు మీదే రాసుంటాయి. చివరికి ఆకు అంచు దగ్గరికి చేరి, పట్టుదారంతో అంచును మడిచి, అందులో ప్యూపా అవుతుంది.

మామ సమస్య ఇక్కడే ఉంది. లాగ్ చూపించేది జరిగిపోయినదాన్ని. గీత బాగా వెడల్పై, అంచు ముడుచుకున్నాక పురుగు తినడం అయిపోయినట్టే. పైగా అది పొర కింద ఉంటుంది, పైపైన పడే మందు దానికి సరిగా తగలదు. తగిలేది ఆ పురుగును తినే చిన్న కందిరీగలకు! 1993లో ఇదే పురుగు ఫ్లోరిడా తోటల్లోకి వస్తే, వాళ్లు మరుసటి ఏడాది అలాంటి కందిరీగను ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకుని మరీ వదిలారు.

అట్లాగని వదిలేయడానికీ లేదు. ముదిరిన ఆకుల జోలికి ఇది పెద్దగా రాదు, పెద్ద చెట్లు తట్టుకుంటాయి. నర్సరీ మొక్కలకు, చిన్న చెట్లకే దెబ్బ. ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు బ్యాక్టీరియా కూడా దూరుతుంది, వానల్లో మరీ. అందుకే చూడాల్సింది గీతల్ని కాదు, కొత్త చిగురు వచ్చిన మొదటి రోజుల్ని.

ఇద్దరం కూర్చుని ముడుచుకున్న ఆకులు ఓ పది విప్పి చూసినాం. ఏడింట్లో ఖాళీ ప్యూపా తొక్కలే ఉన్నాయి.

"ఎప్పుడో ఎగిరిపోయినాయి కదరా," అన్నాడు మామ. ఆ రోజు కలపాల్సిన ట్యాంకు కలపలేదు.