కారు కిందికి దిగితే ఏం తగ్గుతుంది? లోయరింగ్ స్ప్రింగుల వెనక లెక్క

కొత్త సెడాన్ పక్కన నిలబడి చూస్తే టైరుకూ దాని మీది ఫెండర్ అంచుకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ కనిపిస్తుంది. మన రోడ్ల గతుకులను దృష్టిలో పెట్టుకుని తయారీదారులు వదిలిన చోటు అది. కారును ఇష్టంగా తీర్చిదిద్దుకునే వారికి మాత్రం అదొక లోపంలా తోస్తుంది. అసలు స్ప్రింగులు తీసేసి, వాటి స్థానంలో కాస్త పొట్టివి, కాస్త బిగువైనవి వేయిస్తే ఆ ఖాళీ పూడుతుంది. వాటినే లోయరింగ్ స్ప్రింగులు అంటారు. కారు 30 మిల్లీమీటర్లు దిగుతుందా, 40 దిగుతుందా అని కొనేవారు ముందుగా అడుగుతారు. కారు నడకను, భద్రతను తేల్చే ప్రశ్నలు మాత్రం వేరే రెండున్నాయి. స్ప్రింగు బిగువెంత? చక్రం కదలడానికి పైనా కిందా ఎంత చోటు మిగిలింది?

స్ప్రింగు ఎంత అణిగితే అంత బలంతో ఎదురుతోస్తుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి ఒక పజిల్‌గా ప్రకటించాడు, 1678లో దాన్ని విప్పి చెప్పాడు. కారు స్ప్రింగును చూస్తే ఉక్కు వంగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అది ఒక పొడవైన కడ్డీ. దాన్ని చుట్టలుగా చుట్టారు. బరువు పడినప్పుడు ఆ కడ్డీ తడిబట్టను పిండినట్టు మెలితిరుగుతుంది. అందుకే దాని బిగువు కడ్డీ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, చుట్ట వ్యాసం పెరిగితే దాని ఘనంలో తగ్గుతుంది, పనిచేసే చుట్టల సంఖ్య పెరిగినా తగ్గుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కడ్డీ మందం 12 మి.మీ., చుట్ట వ్యాసం 12 సెం.మీ., పనిచేసే చుట్టలు 6. ఈ స్ప్రింగు ఒక్క మిల్లీమీటరు అణగాలంటే దాదాపు 20 న్యూటన్ల బలం, అంటే సుమారు 2 కిలోల బరువు కావాలి. కడ్డీని ఒక్క మిల్లీమీటరు లావు చేసి 13 చేస్తే అదే అంకె 27కు చేరుతుంది. కంటితో పోల్చి చూస్తే రెండు స్ప్రింగులూ ఒకేలా ఉంటాయి, బిగువులో తేడా మాత్రం మూడో వంతుకు పైనే.

ఈ రెండింటినీ ఒక సెడాన్ ముందు చక్రం మీద ఊహిద్దాం. ఈ తరగతి కార్లలో ముందు వైపు సాధారణంగా ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. అందులో చక్రం కదలికా స్ప్రింగు కదలికా దాదాపు సమానం కాబట్టి లెక్క సులువు. ఆ చక్రం మోసే బరువు 320 కిలోలు అనుకుంటే, 20 న్యూటన్ల స్ప్రింగు ఆ బరువు కింద 157 మి.మీ. అణుగుతుంది. 27 న్యూటన్లది 116 మాత్రమే అణుగుతుంది. మొదటిదాని మీద కారు సెకనుకు 1.26 సార్లు, రెండోదాని మీద 1.46 సార్లు ఊగుతుంది. కుటుంబంతో తిరిగే సెడాన్లను సాధారణంగా 1 నుంచి 1.5 హెర్ట్జ్‌ల మధ్యే ఉంచుతారు. అంటే బిగువు స్ప్రింగుతో ప్రయాణం కొంచెం కరుకవుతుంది గానీ భరించలేనంత కాదు. చాలామంది విచారణ ఇక్కడితో ఆగిపోతుంది.

పైన మిగిలే చోటు

గతుకు తగిలినప్పుడు చక్రం పైకి లేస్తుంది. కొంత దూరం లేచాక బంప్ స్టాప్ అనే రబ్బరు లాంటి ముద్దకు తగులుతుంది. మన ఉదాహరణ కారులో ఆ దూరం 80 మి.మీ. అనుకుందాం. కారును 30 మి.మీ. దించితే అది 50కి తగ్గుతుంది. కిందికి దిగిన ప్రతి మిల్లీమీటరూ ఈ దూరంలోంచి తీసుకున్నదే, వేరే ఎక్కడినుంచీ రాదు.

స్ప్రింగులో దాగే శక్తి అణిగిన దూరానికి వర్గంలో పెరుగుతుంది. పాత స్ప్రింగు 80 మి.మీ.లో మింగగలిగే శక్తి 64 జౌళ్లు. కొత్తది బిగువైనదే అయినా 50 మి.మీ.లో మింగేది 34 జౌళ్లే. మిగతా దెబ్బ బంప్ స్టాప్ మీదికి, అక్కడినుంచి కారు బాడీ మీదికి, కూర్చున్నవారి వెన్ను మీదికి పోతుంది. ఆ 50 మి.మీ.లోనే పాత సామర్థ్యం కావాలంటే స్ప్రింగు బిగువు రెండున్నర రెట్లు, అంటే మిల్లీమీటరుకు 51 న్యూటన్లు ఉండాలి. అప్పుడు కారు సెకనుకు రెండుసార్లు ఊగుతుంది, రేసు ట్రాక్ కోసం తయారైన కారులా. అమ్మానాన్నలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుపతి వెళ్లే బండికి అది నప్పదు.

అదే 27 న్యూటన్ల స్ప్రింగుతో కారును 15 మి.మీ. మాత్రమే దించితే మింగే శక్తి 57 జౌళ్లు, పాతదానికి దగ్గరగానే ఉంటుంది. 20 మి.మీ.కు 49. షోరూమ్ బిగువుకు మూడో వంతు పెంచిన స్ప్రింగుతో 15, 20 మి.మీ. దించడం నిజాయితీ గల బేరం. 40 మి.మీ. అనేది ఫొటోల కోసం.

షాక్ అబ్జార్బర్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. స్ప్రింగు ఊపును అణచేది అదే. స్ప్రింగు బిగువు 36 శాతం పెరిగితే, పాత షాక్ అబ్జార్బర్ ఊపును అణచే నిష్పత్తి సుమారు 14 శాతం పడిపోతుంది. బాగున్నవైతే సర్దుకుంటాయి. 60 వేల కిలోమీటర్లు తిరిగి నూనె కారుతున్నవైతే స్ప్రింగులతో పాటు వాటినీ మార్చాల్సిందే.

కింద వదులయ్యే ప్రమాదం

దుకాణంలో ఎవరూ అడగని లెక్క ఇది. కారును జాకీ మీద ఎత్తినప్పుడు, లేదా ఒక చక్రం లోతైన గుంత మీద వేలాడినప్పుడు స్ట్రట్ పూర్తిగా సాగుతుంది. మామూలు ఎత్తు నుంచి అలా సాగే దూరం 80 మి.మీ. అనుకుంటే, 157 మి.మీ. అణిగి ఉన్న పాత స్ప్రింగు అప్పటికీ ఇంకా 77 మి.మీ. అణిగే ఉంటుంది. రెండు పళ్లేల మధ్య బిగుతుగా నిలుస్తుంది.

కారును 30 మి.మీ. దించితే స్ట్రట్ సాగే దూరం 110 అవుతుంది. కొత్త స్ప్రింగు అణిగింది 116. మిగిలిన బిగుతు 6 మి.మీ. 40 మి.మీ. దించితే ఆ 6 కూడా పోయి, స్ప్రింగు 4 మి.మీ. వదులవుతుంది. చక్రం మళ్లీ నేలను తాకేటప్పుడు అది పళ్లెంలో సరిగా కూర్చుంటుందన్న నమ్మకం లేదు. పక్కకు కూర్చుంటే బ్రేకు గొట్టానికో టైరుకో తగలవచ్చు.

ప్రోగ్రెసివ్ స్ప్రింగులు పుట్టింది ముఖ్యంగా ఈ చిక్కును తప్పించడానికి. వాటిలో ఒక కొస చుట్టలు దగ్గరదగ్గరగా, మరో కొసవి ఎడంగా ఉంటాయి. మామూలు బరువు కిందే దగ్గరి చుట్టలు ఒకదాన్నొకటి తాకి పనిలోంచి తప్పుకుంటాయి, చక్రం వేలాడినప్పుడు విచ్చుకుని స్ప్రింగును బిగుతుగా పట్టి ఉంచుతాయి. సౌకర్యం కోసమే ఇలా చేస్తారన్న ప్రచారం సగం నిజం.

గ్రైండర్‌తో పాత స్ప్రింగుకు ఒక చుట్ట కోసేయడం ఎందుకు తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆరు చుట్టల్లో ఒకటి పోతే బిగువు 20 శాతం పెరుగుతుంది నిజమే, కానీ పళ్లెంలో కూర్చోవడానికి తీర్చిన కొస పోతుంది, పొడవు లెక్క గాలికి పోతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీయడం ఇంకా ఘోరం. ఉక్కుకు పెట్టిన టెంపర్, అలసట పగుళ్లు రాకుండా సన్నని గుళ్లతో కొట్టి ఉపరితలంలో నిలిపిన సంపీడన ప్రతిబలం రెండూ ఆ వేడికి పోతాయి. డబ్బు మిగిలిందనుకునే పనుల్లో ఇంత ఖరీదైనది అరుదు.

రెండు రకాల స్పీడ్ బ్రేకర్లు

హోండా సిటీ లాంటి సెడాన్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ., ముందు వెనక చక్రాల మధ్య దూరం 2600 మి.మీ. 30 మి.మీ. దించి, ఐదుగురిని ఎక్కించాక నడుమ భాగం మరో 30 మి.మీ. కుంగిందనుకుంటే మిగిలేది 105. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, గంటకు 25 కి.మీ. వేగంతో దాటగలగాలి. 105లో 100 పోతే 5 మి.మీ. మిగులుతుందని భయపడనక్కరలేదు. ఆ వంపు వెడల్పు కారు చక్రాల దూరం కంటే ఎక్కువ. శిఖరం కారు నడుమ కిందికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ వంపు మీదే, రోడ్డుకు సుమారు 5 సెం.మీ. పైన ఉంటాయి. కాబట్టి కారుకు నిజంగా తగ్గేది 5 సెం.మీ.యే.

కాలనీ సందులో అడుగు వెడల్పున సిమెంటుతో పోసిన గట్టు మాటేమిటి? దాని శిఖరం కారు నడుమ కింద ఉన్నప్పుడు చక్రాలు నాలుగూ చదును నేల మీదే ఉంటాయి. గట్టు ఎత్తు 12 సెం.మీ. అయితే ఆ 12 సెం.మీ.లూ పూర్తిగా తగ్గుతాయి. ఉన్నది పదిన్నర. అడుగున ఉన్న ఎగ్జాస్ట్ గొట్టమో ఇంజిన్ ఆయిల్ సంపో గీసుకుంటుంది. కారు ఎంత దించాలో తేల్చేది హైవే కాదు, ఇంటి ముందు సందు. స్ప్రింగులు ఎంచుకునేవారు టేపు పట్టుకుని రోజూ వెళ్లే దారిలో గట్లను కొలిస్తే ఏ కేటలాగూ చెప్పని సంగతి తెలుస్తుంది.

మలుపుల్లో లాభం ఉందా? కొంత. గరిమనాభి 550 నుంచి 520 మి.మీ.కు దిగితే మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు ఇరవయ్యో వంతు తగ్గుతుంది. అయితే మాక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో కారు దిగితే కింది ఆర్మ్‌ల వాలు మారి, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది గరిమనాభి కంటే ఎక్కువగా దిగిపోతుంది. రెండింటి మధ్య ఎడం పెరిగి, ఒరిగించే బలానికి పట్టు పెరుగుతుంది. మలుపుల్లో కారు నిలకడగా అనిపిస్తే ఆ ఘనత ఎక్కువగా బిగువుదే, ఎత్తుది కాదు.

ముందు, వెనక స్ప్రింగులు ఒక సెట్టుగానే కొనాలి. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది, గంటకు 60 కి.మీ. వేగంలో 0.16 సెకన్ల తర్వాత వెనక చక్రాలకు తగులుతుంది. వెనక భాగం కాస్త వేగంగా ఊగితే ఆలస్యంగా మొదలైనా ముందు భాగాన్ని అందుకుంటుంది, కారు గుర్రంలా ముందుకూ వెనక్కూ ఊగదు. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ఇది. ముందు మాత్రమే మార్చి వెనక వదిలేస్తే ఈ పొందిక చెడుతుంది.

బండిలో మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది కాబట్టి కొనేముందే రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థ దగ్గరా అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

బిగించే రోజు మెకానిక్‌కు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆర్మ్‌లలోనూ వెనక బీమ్‌లోనూ ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరి బిగింపు బిగించకూడదు, బరువు చక్రాల మీదికి వచ్చాకే బిగించాలి. లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కుదురుకోవచ్చు. వీల్ అలైన్‌మెంట్ బిగించిన వెంటనే ఒకసారి, అవి కుదురుకున్నాక మరోసారి చేయించాలి. రెండోది మానేస్తే టైర్ల లోపలి అంచు ముందుగా అరుగుతుంది. బయటి నుంచి చూసేవారికి అది కనిపించదు, చేత్తో తడిమితే తెలుస్తుంది.