పడనిది ఏది? - ఎలర్జీ కారకాలను గుర్తించుట, అదుపులో ఉంచుకొనుట

తెలుగువారి నిత్య వ్యవహారంలో ‘పడదు’ అనే చిన్న మాట ఒకటి ఉన్నది. ‘నాకు వంకాయ పడదు’, ‘అమ్మకు చల్లగాలి పడదు’, ‘ఆ సూదిమందు ఆయనకు పడలేదు’ అని అనుకొంటూనే ఉంటాము. మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడే పెద్దలు ఇదే సంగతిని ‘రాస్ నహీఁ ఆతా’ అంటారు. వైద్యశాస్త్రం ‘ఎలర్జీ’ అని పేరు పెట్టిన విషయంలో చాలా భాగాన్ని మన ప్రజలు ఏనాడో ఈ మాటలలో ఇమిడ్చి ఉంచినారు. అయితే ఆ మాట నోటికి ఎంత సులువుగా వస్తుందో, నిజంగా పడనిది ఏదో కనుగొనడం అంత కష్టం. పడనిదానిని పట్టుకొని ఉండి పడేదానిని మానివేయడం, వ్యాధిని సోమరితనమని భ్రమించడం మనలో తరచుగా జరుగుతున్నవి. అట్టి పొరపాటు ఒకటి మేమే చేసినాము గనుక ఈ వ్యాసం వ్రాయవలెనని తోచింది. మేము వైద్యులము కాము, భాషాబోధకులము. వైద్యులను అడిగి, గ్రంథాలు చూచి తెలిసికొన్నదానిని విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

కొంతకాలం క్రిందట వసతిగృహంలో ఉండి చదువుకొనే విద్యార్థి ఒకడు మా మొదటి పీరియడులో ప్రతిదినమూ కునికిపాట్లు పడుతుండేవాడు. రెండు మూడు పర్యాయాలు అందరి ఎదుట మందలించినాము. చదువు మానివేసి ఊరికి పోతానని అతడు స్నేహితులతో అన్నట్లు తెలిసి, పిలిచి అడిగినాము. తెల్లవారుజామున నాలుగు గంటలకు తుమ్ములు మొదలై, ముక్కు బిగిసి, రొమ్ములో పిల్లికూతలు వచ్చి నిద్ర పట్టదట. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న జలుబు మాత్ర వేసికొని తరగతికి వస్తున్నాడట. ఆ మాత్ర మత్తు కలిగించే జాతిది. నిద్రలేమి ఒకవైపు, మందు మత్తు మరొకవైపు. మేము సోమరితనమనుకొన్నది రోగము. అతనికి పడనిది ఏదో ఎట్లు బయటపడినదో ముందు చెబుతాము.

పడకపోవడమనగా ఏమి?

మన శరీరంలో రోగక్రిములను ఎదిరించే రక్షణ వ్యవస్థ ఒకటి ఉన్నది. అది ఊరి కావలివాని వంటిది. హాని చేయని పుప్పొడినో, ధూళినో, వేరుసెనగనో అది దొంగ అని భ్రమించి కలవరపడడమే ఎలర్జీ. వియన్నా నగరంలోని శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ఈ పేరు పెట్టినాడు. ఈ కలవరానికి మూలమైన ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షక పదార్థాన్ని 1966లో ఇషిజాకా దంపతులు అమెరికాలో కనుగొన్నారు.

దీని పనితీరు రెండు మెట్లలో జరుగుతుంది. ఒక పదార్థం తొలుత తగిలినప్పుడు బయటికి ఏమీ కనిపించదు. లోలోపల మాత్రం దానిని పట్టుకొనే ఐజీఈ తయారై, చర్మంలోను, ముక్కులోను, ఊపిరితిత్తులలోను ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. అదే పదార్థం మరల వచ్చినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెదజల్లుతవి. ముక్కులో అయితే తుమ్ములు, చర్మం మీద అయితే దద్దుర్లు, శ్వాసనాళాలలో అయితే ఆయాసం కలుగుతవి. ‘నిన్నటి దాకా తిన్నాను గదా, నేడెందుకు పడలేదు?’ అనే ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉన్నది. మునుపు తగిలి ఉండడమే దానికి కారణం.

ఈ శాస్త్రం పేరు కొత్తదైనా పరిశీలన పాతది. రయ్ నగరానికి చెందిన మహావైద్యుడు అల్ రాజీ, తన సమకాలికుడైన అబూ జైద్ అల్ బల్ఖీకి వసంతకాలంలో గులాబీలు పూచినప్పుడు పడిశం ఎందుకు పట్టుతున్నదో వివరిస్తూ ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాసినాడు. ఇది వేయి సంవత్సరాలకు పైబడిన మాట. నేటి శాస్త్రం దీనికి ఒక సూక్ష్మాన్ని చేర్చింది. గులాబీ పుప్పొడి బరువైనది, కీటకాల ద్వారా ప్రయాణించేది. అది గాలిలో తేలి ముక్కులో ప్రవేశించడం అరుదు. అదే ఋతువులో కంటికి ఆనకుండా పూచే గడ్డి, చెట్ల పుప్పొడి తేలికైనది, గాలివాటున మైళ్ళు పోగలది. కంటికి ఇంపైన పువ్వును అనుమానిస్తాము. అసలు కారకం పక్కనున్న గడ్డి కావచ్చును. ఎలర్జీ విషయంలో ముందుగా నేర్వవలసిన పాఠం ఇదే.

సాధారణ కారకాలు

ఇంటిలో ప్రధానమైనది ధూళి. ధూళి అంటే మట్టి మాత్రమే కాదు. పరుపులలో, దిండ్లలో, తివాచీలలో మన చర్మం నుండి రాలే పొట్టును తిని బ్రతికే డస్ట్ మైట్ అనే పురుగు ఉన్నది. దాని నిడివి మిల్లీమీటరులో మూడవ వంతు. ఇంటి ధూళి ఎలర్జీకి ఈ పురుగే మూలమని 1964లో మొదలుకొని హాలెండు పరిశోధకులు నిరూపించినారు. దాని మలం ఎలర్జీ కలిగిస్తుంది. తేమ గల ఇండ్లలో ఇది వృద్ధి పొందుతుంది. చెమ్మగోడల బూజు, బొద్దింకలు, పిల్లి, కుక్క, పావురం మొదలైన వాటి చర్మపు పొట్టు, రెట్టలు, ఈకలు తరువాతివి. ఊదుబత్తి పొగ, అత్తరు ఘాటు, సుద్దపొడి, మిరపకోరు సాధారణంగా ఎలర్జీ కారకాలు కావు. అవి ముక్కును, ఊపిరితిత్తులను రేపేవి. అయినను ఇదివరకే ఉబ్బసం ఉన్నవారికి అవి కూడ హాని చేస్తవి.

ఆరుబయట మన ప్రాంతంలో పేర్కొనవలసినది వయ్యారిభామ. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ కలుపు మొక్క 1950ల నడుమ పూణె ప్రాంతంలో గుర్తించబడి, తరువాత దేశమంతటా ప్రాకిపోయినది. పేరు సుకుమారం గాని పని కఠోరం. దీని పుప్పొడి తుమ్ములు తెస్తుంది. ఆకు తగిలిన చర్మం మీద, ముఖ్యంగా ముఖం, మెడ, మోచేతుల మడతలలో, దురదతో కూడిన మంట పుట్టుతుంది.

ఆహారంలో పాలు, గ్రుడ్లు, వేరుసెనగ, జీడిపప్పు వంటి గింజలు, నువ్వులు, గోధుమ, చేపలు, రొయ్యలు ముఖ్యమైనవి. కొందరికి శనగపప్పు కూడ పడదు. ఇక్కడ ఒక భేదం తెలియవలెను. పాలు త్రాగిన తరువాత కడుపు ఉబ్బరించడం సాధారణంగా పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడం వలన కలిగేది, ఎలర్జీ కాదు. వంకాయలో హిస్టమిన్ వంటి పదార్థాలు సహజంగానే ఉన్నందున కొందరికి నోరు దురద పెట్టవచ్చును. నిజమైన వంకాయ ఎలర్జీ గలవారు కూడ లేకపోలేదు.

చర్మానికి సంబంధించి మన ఇండ్లలో జాగ్రత్త పడవలసినది నల్ల మెహందీ. అసలైన గోరింటాకు నారింజ, ఎరుపు వన్నెలే ఇస్తుంది. గంటలోపల నల్లగా పండే మెహందీలో తరచుగా జుట్టు రంగులలో వాడే పారాఫినైలిన్ డయామిన్ కలిపి ఉంటుంది. ఈద్ ముందటి రాత్రి పెట్టుకొన్న చేయి పండుగ నాటికి బొబ్బలెక్కడానికి అదే హేతువు. ఒకమారు దీనికి ఎలర్జీ ఏర్పడితే జీవితాంతం జుట్టు రంగులు కూడ పడకపోవచ్చును. గిల్టు నగలలోని నికెల్ వలన చెవులు, మెడ దురద పెట్టడం కూడ ఈ కోవలోనిదే.

మందులలో పెన్సిలిన్, కొన్ని నొప్పి మాత్రలు చెప్పుకోదగినవి. పెన్సిలిన్ పడదని చెప్పుకొనేవారిని పరీక్షించి చూస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి అది పడుతున్నట్లు తేలుతున్నది. కనుక మాట విని వదలివేయక వైద్యునితో నిర్ధారణ చేయించుకొనడం మేలు. నిర్ధారణ అయ్యేవరకు మాత్రం ఆ మందును తాకరాదు.

గుర్తించు విధానం

దీనికి మొదటి సాధనం ఒక నోటు పుస్తకం. బాధ మొదలైన తేదీ, వేళ, ఆనాడు తిన్నవి, పడుకొన్న చోటు, చేసిన పని, వేసికొన్న మందు - ఇవి నాలుగు వారాలు తప్పక వ్రాయవలెను. మా విద్యార్థి చేత ఇట్లే వ్రాయించినాము. అతడు మొదట అనుమానించినది భోజనశాలలోని పెరుగును. దానిని మానివేసి పదిదినాలైనా గుణం లేదు. మూడవ వారంలో పుస్తకం తిరగవేయగా ఒక సంగతి తేటపడినది. అక్కగారి ఇంట నిద్రించిన మూడు రాత్రులూ అతనికి ఆయాసం రాలేదు, అక్కడ పెరుగు తిన్నప్పటికీ. గదికి వెళ్ళి చూచినాము. మంచం చెమ్మగోడకు ఆనుకొని ఉన్నది. పరుపులోని దూది ఎన్నేండ్లదో ఎవరికీ తెలియదు. గోడ మీద నల్లని బూజు. పెరుగు నిర్దోషి.

పుస్తకంతో అనుమానం కలిగిన తరువాత దానిని రూఢిచేయడం వైద్యుని పని. ముంజేతి చర్మం మీద అనుమానిత పదార్థపు చుక్క ఉంచి సూదిమొనతో గీరి, 15 నుండి 20 నిమిషాలలో దద్దు లేచునేమో చూస్తారు. రక్తంలో ఐజీఈని కొలిచే పరీక్ష కూడ కలదు. మా విద్యార్థికి ధూళి పురుగు చుక్క వద్ద దద్దు లేచినది. అయితే పరీక్షలో దద్దు వచ్చినంత మాత్రాన అది వ్యాధి కాదు. జరిగిన కథతో అది సరిపోవలెను. ‘ఐజీజీ’ని కొలిచి నూరు ఆహారాల నిషేధపట్టిక ఇచ్చే ఖరీదైన పరీక్షలు ఆహారపు ఎలర్జీని నిర్ధారించలేవు. అట్టి పట్టికలను నమ్మి విద్యార్థులు పోషణ కోల్పోరాదు. అనవసరమైన నిషేధం కూడ హానికరమే. పసితనం నుండి వేరుసెనగ తినిపించిన పిల్లలలో ఆ ఎలర్జీ చాలా తగ్గినట్లు లండనులో జరిగిన పరిశోధన 2015లో వెల్లడించినది.

అదుపులో ఉంచుకొనుట

కారకం తెలిసిన తరువాత దానిని దూరం చేయడమే మొదటి చికిత్స. దుప్పట్లు, గలీబులు వారానికొకమారు 60 డిగ్రీల వేడినీటిలో ఉతకవలెను. పరుపును ఎండలో గట్టిగా ఆరవేసి, పురుగు దూరని ఒత్తైన గలీబు తొడగవలెను. పొడి చీపురుతో ఊడ్చి ధూళి లేపుటకు బదులు తడిగుడ్డతో తుడవవలెను. చెమ్మకు మూలమైన గోడ చీలికను బాగుచేయవలెను. పాత గ్రంథాలు దులిపేటప్పుడు ముక్కుకు ముసుగు కట్టుకొనవలెను.

ఇక మందులు. క్లోర్ఫెనిరమిన్ వంటి పాత మాత్రలు మత్తు కలిగిస్తవి. పరీక్షల దినాలలో అవి చదువుకే శత్రువులు. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ వంటి వాటిలో ఆ దోషం తక్కువ. ముక్కు బిగింపు ఎడతెగక ఉన్నవారికి ముక్కులో చల్లే స్టిరాయిడ్ మందు మాత్రలకన్న మేలైనది. ఉబ్బసానికి ఇన్హేలరు అలవాటైపోతుందనే భయం మనలో బలంగా ఉన్నది, అది నిరాధారం. తక్షణ ఉపశమనమిచ్చే ఇన్హేలరునే నమ్ముకొని ఉండరాదనీ, వాపును తగ్గించే మందు కూడ కావలెననీ 2019 నుండి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. ధూళి, పుప్పొడి ఎలర్జీలకు వాటినే అతి స్వల్ప మోతాదులతో మొదలుపెట్టి మూడు నుండి ఐదేండ్లు ఇచ్చే చికిత్స కూడ కలదు. లండనులో లెనర్డ్ నూన్ దీనిని 1911లో ప్రకటించినాడు.

మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు కొరకు దూరప్రాంతాల నుండి జనం రావడం ఈ వ్యాధి ఎందరిని బాధిస్తున్నదో చూపుతున్నది. ఆ మందు గుణం శాస్త్రపరీక్షలో రుజువు కాలేదు గనుక, దానిని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానరాదు. రంజాన్ మాసంలో ఇన్హేలరు మానివేసి ఇబ్బంది పడినవారిని కూడ చూచినాము. ఉపవాసంలో దాని వాడకం గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. కాని రోగికి సడలింపు ఖురాన్‌లోనే ఉన్నది. మాసం రాకముందే వైద్యుని, ఆలిమును ఇద్దరినీ సంప్రదించడం వివేకం.

ఆలస్యం చేయరాని వేళ

తిన్న కొద్ది నిమిషాలలో గాని, సూదిమందు లేక తేనెటీగ కాటు తరువాత గాని, ఒంటినిండ దద్దుర్లతోపాటు నాలుక, గొంతు వాచడం, ఊపిరి ఆడకపోవడం, కండ్లు తిరిగి పడిపోవడం జరిగితే అది ప్రాణాపాయం. కొన్నిసార్లు దద్దుర్లు లేకుండానే వస్తుంది. దీనికి మందు ఒక్కటే - తొడ వెలుపలి కండరంలో వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షను. జలుబు మాత్ర మింగించి కూర్చుండరాదు. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టవలెను. ఆయాసం ఎక్కువైతే కూర్చుండనీయవచ్చును. లేపి నడిపించరాదు. 108కి కబురుచేసి ఆసుపత్రికి చేర్చవలెను. తేరుకొన్న తరువాత కూడ మరల రావచ్చును గనుక కొన్ని గంటలు అక్కడనే ఉంచవలెను.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు నాలుగు. ప్రవేశ దరఖాస్తులో ‘పడని మందులు, ఆహారాలు’ అనే గడి ఒకటి చేర్చవలెను. వసతిగృహపు పాత పరుపులు మార్చి, చెమ్మగోడలకు మరమ్మతు చేయించవలెను. ఆటస్థలం చుట్టునున్న వయ్యారిభామను పూతకు రాకముందే, చేతి తొడుగులు తొడిగించి, వేళ్ళతో పెరికించవలెను. గ్రంథాలయం దులిపే ఉద్యోగికి ముసుగులు ఇప్పించవలెను. వీటికి అయ్యే వ్యయం స్వల్పం.

మా విద్యార్థి గది మార్చినారు, పరుపు మార్చినారు, వైద్యుడు ఇన్హేలరు ఇచ్చినాడు. రెండు నెలలలో మొదటి పీరియడులో అతడు తల ఎత్తి పాఠం విన్నాడు. ఊరికి పోతానన్న మాట మరల ఎత్తలేదు. అతనిని మందలించిన తరగతిలోనే, అదే విద్యార్థుల ఎదుట, పొరపాటు మాదని చెప్పినాము. తరగతిలో కునుకు తీసే బాలుని చూచినప్పుడు మందలించుటకు ముందు ‘రాత్రి నిద్రపట్టినదా నాయనా?’ అని అడుగుట నేర్చుకొన్నాము.