బెండకాయ ముద్ర, కరక్కాయ సిరా

సంక్రాంతికి నీ జట్టువాళ్లందరికీ చేత్తో చేసిన కార్డులే పంపుతానన్నావు కదా అమ్మలూ, బాగుంది. రంగులపెట్టె తెరిచే ముందు నిన్నటి పేపరు ఒకటి పట్రా. పైనుంచి కిందికి చింపు. చూశావా, నిటారుగా చిరిగింది. ఇప్పుడు అడ్డంగా చింపు. వంకరటింకరగా, నీ మాట వినకుండా పోయింది. తప్పు నీ చేతిది కాదు. కాగితమంటే సన్నటి నారపోగుల అల్లిక. మిల్లులో ఆ గుజ్జు నీళ్లతో కలిసి, కదిలే జల్లెడ మీద పడి ముందుకు పోతుంది. పోగుల్లో చాలావరకు ఆ పోయే దిక్కుకే వాలి పడుకుంటాయి. కాబట్టి ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది.

కార్డు అట్ట దళసరిది, చింపి చూస్తే దండగ. దాని వాలు తెలియాలంటే మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి, ఒక పక్కన మాత్రమే తడి గుడ్డతో అద్దు. క్షణంలో చుట్టుకుపోతుంది. నీళ్లు తాగిన పోగు లావవుతుందే కానీ పెద్దగా పొడుగవదు. అందుకని తడిసిన వైపు వాలుకు అడ్డంగా సాగి, పొడిగా ఉన్న వైపును ఒంచేస్తుంది. ఆ గొట్టం ఎటు పొడుగ్గా ఉందో అదే వాలు. మడత ఆ దిక్కునే పెట్టు. అడ్డంగా మడిస్తే పోగులు విరిగి, మడత పొడుగునా తెల్లటి పగుళ్లు కనిపిస్తాయి. కొట్లో కొన్న కార్డుల్లో కూడా ఈ పగుళ్లు చూస్తూనే ఉంటాను. డబ్బు తీసుకున్నవాడికీ పట్టలేదన్నమాట.

"మరి ప్యాకెట్ మీద ఈ జీఎస్ఎం ఏంటి తాతయ్యా?"

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఎ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి మామూలు 80 జీఎస్ఎం కాగితం ఒకటి సరిగ్గా 5 గ్రాములు. నీ కార్డు అట్ట 300 అయితే ఎ4 సైజుది 19 గ్రాములకు రవ్వంత తక్కువ. వంటింట్లో డిజిటల్ తూకం ఉందిగా, వేసి చూసుకో.

ఇక అచ్చులు. కొనే ముందు కూరగాయల బుట్ట చూడు. బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు. ముదిరిన కాయ అయితే మరీ మంచిది, గట్టిగా ఉంటుంది, పైగా మీ అమ్మ దాన్ని ఎలాగూ పులుసులో వెయ్యదు. కోయగానే రంగులో ముంచకు. దాని జిగట నీళ్లను పట్టుకుని వదలదు, రంగు జారి అలుక్కుపోతుంది. కోసినవైపు కిందికి ఉండేలా పాత గుడ్డ మీద కాసేపు బోర్లించు. బంగాళదుంపకీ అదే మందు. దాని బరువులో దాదాపు 80 శాతం నీళ్లే.

అక్షరాలు కావాలంటే పెన్సిల్ రబ్బరు మీద చెక్కుకో. "శుభం" అని తిన్నగా చెక్కితే కాగితం మీద తిరగబడుతుంది. అందులో సున్నా ఒక్కటే ఎటు తిప్పినా సున్నాగా మిగిలేది. బటర్ పేపరు మీద పెన్సిల్‌తో మామూలుగా రాసి, రబ్బరు మీద బోర్లించి, వెనకనుంచి గోటితో రుద్దు. పెన్సిల్ పొడి రబ్బరుకు అంటుకుని, తిరగేసిన అక్షరాలు వాటంతటవే వస్తాయి. బ్లేడు పని మాత్రం నేనో మీ అమ్మమ్మో పక్కన ఉన్నప్పుడే.

నువ్వు కొనుక్కొచ్చిన ఆ గాజులాంటి స్టాంపులు రబ్బరువి కావు, వెలుగు తగిలితే గట్టిపడే ప్లాస్టిక్కు. కొత్తల్లో వాటి మీద సిరా పరుచుకోకుండా బొట్లు బొట్లుగా ముడుచుకుంటుంది, నున్నటి ప్లాస్టిక్కుకూ నీళ్లకూ పొత్తు కుదరదు కనుక. పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దితే నునుపు కాస్త చెదిరి సిరా నిలుస్తుంది. అసలు రబ్బరు స్టాంపులు వచ్చాయంటే అది గుడ్‌ఇయర్ అనే అమెరికా ఆయన చలవ. పచ్చి రబ్బరు ఎండకు జిడ్డు, చలికి పెళుసు. 1839లో దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే రెండు జబ్బులూ పోతాయని ఆయన కనిపెట్టాడు. 1844లో పేటెంటు పుచ్చుకున్నాడు.

సిరా దగ్గరికొద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది. శ్రీరామనవమి పానకం తలుచుకో. బెల్లం నీళ్లలో కరిగిపోతుంది, మిరియాల పొడి కరగదు, కాసేపటికి అడుక్కు దిగుతుంది. సిరాలూ ఆ రెండు రకాలే. డై సిరాలో రంగు బెల్లంలా కరిగి ఉంటుంది. పిగ్మెంటు సిరాలో మిరియప్పొడిలా తేలుతుంటుంది, కాకపోతే పొడి మహా సన్నం. కరిగిన రంగు నీళ్లతోపాటు కాగితంలోకి ఇంకిపోతుంది. పొడి రంగు చాలావరకు పైనే ఉండిపోతుంది. నీ స్కెచ్ పెన్నులు మొదటి రకం. నల్ల పెన్నుతో టిష్యూ కాగితం మీద చుక్క పెట్టి, అంచు నీళ్లకు తాకించి చూడు. నీళ్లు ఎగబాకుతూ నలుపులోంచి నీలం, గులాబీ, పసుపు విడదీసి పట్టుకుపోతాయి.

స్టాంపు ప్యాడ్ నెలల తరబడి తడిగానే ఉంటుంది, ముద్ర మాత్రం ఇట్టే ఆరుతుంది. ఎలాగంటావా? ప్యాడ్ సిరాలో గ్లిజరిన్ కలుపుతారు. అది ఆవిరి కాదు సరికదా, గాలిలో తేమనే లాక్కుంటుంది. ముద్ర ఆరడమంటే చాలావరకు కాగితం దాన్ని పీల్చుకోవడమే. తళతళలాడే పూత అట్ట మీద వేస్తే పీల్చుకునేవాళ్లు లేక, మర్నాడు కూడా చేతికంటుతుంది.

పీల్చుకోవాలి, కానీ మరీ పీల్చుకోకూడదు. ముద్రలోని కష్టమంతా ఈ ఒక్క బేరంలో ఉంది. పోగుల మధ్య సందుల్లోకి నీళ్లు వాటంతటవే పాకుతాయి. టిష్యూ మీద బెండపువ్వు ముద్ర వేస్తే చూస్తుండగానే మరకైపోతుంది. నోటుపుస్తకంలో అలా పాకదెందుకు? మిల్లువాళ్లు గుజ్జులోనే నీళ్లను నిలవరించే పదార్థం కలుపుతారు. ఒకప్పుడు గుగ్గిలంలాంటి రాజనం, పటిక. అంతకుముందు మన దేశంలో చేతికాగితం చేసేవాళ్లు గంజి పట్టించి, నున్నటి రాయితో రుద్దేవారు.

ఇదే బేరాన్ని గుడ్డ మీద కుదిర్చినవాళ్లు మన పక్కనే ఉన్నారు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని వెన్న రంగును పాకనివ్వదు, గీసిన గీత గీసినట్టే ఉంటుంది. వాళ్లది కలం పని. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చుల పని. టేకు ముక్క మీద పువ్వూ తీగా చెక్కి, రంగులో అద్ది, గుడ్డ మీద వరసగా వేసుకుంటూ పోతారు. నువ్వు బెండకాయతో చేసేదాన్నే వాళ్లు గజాల కొద్దీ చేస్తారు. ఒక ముద్ర పక్కన ఇంకో ముద్ర అతుకు తెలియకుండా పడాలి. సెలవుల్లో ఎవరైనా తీసుకెళ్తే ఒకసారి చూసిరా, చేతివాటమంటే ఏంటో తెలుస్తుంది.

"కరక్కాయ ఎందుకు? దగ్గుకి కదా అది!"

దగ్గుకీ అదే, నలుపుకీ అదే. కరక్కాయలో వగరు ఉంది చూశావూ, దాని పేరు టానిన్. అది ఇనుముతో కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమై ఇనుమును కరిగిస్తుంది. దాన్ని కసిం అంటారు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిం తగిలిన చోటల్లా నలుపు. ఐరోపాలో వందల ఏళ్లపాటు దస్తావేజులు రాసిన సిరా కూడా ఇదే సంగతి, అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు మీది బుడిపెలు.

మనం ఇంట్లో వినిగర్‌తో తొందరగా కానిచ్చేద్దాం. గాజు సీసాలో తుప్పు మేకులు వేసి మునిగేదాకా వినిగర్ పొయ్యి. మూత బిగించకు, లోపల హైడ్రోజన్ బుడగలు పుడతాయి. కొన్నాళ్లకు నీళ్లు రంగు తిరుగుతాయి. ఇంకో గిన్నెలో కరక్కాయ పెచ్చులు మరిగించి వడకట్టు. రెండూ కలిపి, చిక్కదనానికి తుమ్మజిగురు చేర్చితే సిరా సిద్ధం. రాయగానే బూడిదరంగుగా ఉండి, గాలిలో ఆక్సిజన్ తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఒక్క లోపం ఉంది, దీనిలో ఆమ్లమూ ఇనుమూ కలిసి ఏళ్ల మీద కాగితాన్ని తినేస్తాయి. పాత దస్తావేజుల్లో అక్షరాలున్నచోట చిల్లులు పడడం ఇందుకే. ఎప్పటికీ దాచుకోవాల్సిన కార్డయితే దీపపుమసీ తుమ్మజిగురూ కలిపిన సిరా మేలు. మసి అంటే కార్బన్, వెలుగు దాన్నేమీ చెయ్యలేదు. పసుపు అలా కాదు, ఎండలో పెడితే త్వరగా వెలిసిపోతుంది. శుభలేఖల మూలలకు పూసిన పసుపు బీరువాలో ఉన్నంతకాలమే పచ్చన.

పసుపుతో ఇంకో వేడుక ఉంది. తినే సోడా నీళ్లలో కలిపి, పుల్లతో తెల్ల కార్డు మీద రాసి ఆరబెట్టు. ఏమీ కనపడదు. అందుకున్నవాళ్లు పసుపు నీళ్లలో దూది ముంచి తుడిస్తే అక్షరాలు ఎర్రగా లేస్తాయి. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణంతోనే.

ఉబ్బెత్తు అక్షరాలు కావాలన్నావు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసేచోట చూస్తే నీకు కాళ్లు కదలవు. ఇంట్లో చెయ్యాలంటే నెమ్మదిగా ఆరే పిగ్మెంటు సిరాతో ముద్ర వేసి, తడి ఉండగానే ఎంబాసింగ్ పౌడరు చల్లి, అంటనిది దులిపెయ్యి. ఆ పొడి వేడికి కరిగే ప్లాస్టిక్కు. కరిగాక తలతన్యత దాన్ని సాగదీసి నున్నగా మెరిపిస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పనికిరాదు, వేడి చాలదు, గాలికి పొడంతా లేచిపోతుంది. వేడి ఇస్త్రీపెట్టె తిరగేసి పట్టుకుని, దాని మీద కార్డు వెనకవైపు ఆనించాలి. అది పెద్దవాళ్ల పని.

క్రిస్మస్ కార్డుల గొడవ మొదలైందే ఉత్తరాలు రాసే ఓపిక లేక. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా వచ్చింది, దానికోసం పాటుపడ్డవాళ్లలో హెన్రీ కోల్ ఒకడు. చవగ్గా ఉందని జనం ఉత్తరాలు కుమ్మరించారు. జవాబులు రాయలేక ఆయనే 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చొత్తించాడు. మిగిలినవి కార్డు షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టారు, అప్పటికి అది చవకేమీ కాదు. బొమ్మలో పిల్లకు ద్రాక్షసారా పట్టిస్తున్నట్టుందని కొందరు తిట్టిపోశారు కూడా.

సరే, కరక్కాయ సిరా వాడేటప్పుడు పాత చొక్కా వేసుకో. పొరపాటున మంచి బట్ట మీద పడితే సబ్బుతో రుద్దకు, క్షారానికి ఆ మరక ఇంకా పట్టుకుంటుంది. నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి కాసేపు ఎండలో ఉంచి ఉతుకు. నిమ్మలోని ఆమ్లం ఇనుమును తనతో పట్టుకుపోతుంది. మరక పాతబడకముందే సుమా. మీ అమ్మమ్మ పట్టుచీర మీద పడితే మాత్రం నిమ్మకాయ కోసం వెతక్కు, ముందు నన్ను పిలు.