ప్రమోషన్‌కు డిగ్రీ కావాల్నా?

ఉద్యోగంలో చేరేటప్పుడు చదువు అడుగుతారు. అది సరే. పదిహేనేండ్లు పనిచేసిన మనిషికి ప్రమోషన్ ఇయ్యాలంటే డిగ్రీ అడగాల్నా?

హైదరాబాదులో అబిడ్స్, నాంపల్లి పక్కపక్కనే ఉంటాయి. అబిడ్స్‌లో తపాలా శాఖ జనరల్ పోస్టాఫీసు ఉన్నది. ఆ శాఖలో పదో తరగతి పాసైతే పల్లెలో గ్రామీణ డాక్ సేవక్ కావచ్చు. తర్వాత శాఖ పెట్టే పరీక్ష రాసి పోస్ట్‌మన్ కావచ్చు. డిగ్రీ అడగరు. నాంపల్లిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉన్నది. సర్కారు ఉద్యోగులకు డిపార్ట్‌మెంటల్ టెస్టులు పెట్టేది అదే. చాలా ప్రమోషన్లకు అవి పాస్ కావాలి. ఆఫీసు లెక్కలు, రూల్సు తెలుసా అని అందులో చూస్తారు. అంటే చేసే పనిలోనే పరీక్ష అన్నమాట.

డాక్టరు పనికి డిగ్రీ తప్పదు. ప్రాణం సంగతి గదా! కానీ అన్ని పనులకూ డిగ్రీయే కావాలంటే, ఇంటి కష్టాలతో పదితోనే ఆగినవాళ్లు ఎంత పని వచ్చినా కిందనే ఉండిపోతారు. గూడేల నుంచి పోయినవాళ్లకు ఇది ఎక్కువ నష్టం.

డిగ్రీ అడిగితే దారి కూడా చూపాలి. 1982లో మన దగ్గర దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు దానికి అంబేద్కర్ పేరున్నది. ఉద్యోగం చేసుకుంటనే అందులో చదవొచ్చు. దానికి ఫీజు, సెలవు ఆఫీసు ఇయ్యాలి.

మనం డిగ్రీ దాకా చదవాల్సిందే. పని నేర్చినవాళ్లకు మాత్రం పరీక్ష రాసే అవకాశం ఉండాలి. అక్కలారా, వార్డెన్ మేడమ్, మీరేమంటారు?