సెలవుకు లెక్క ఉంది

ఒక చెల్లె కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేస్తుంది. పక్కింటి అక్క ఆమెను అడిగింది.

“తమ్ముని పెండ్లికి ఎప్పుడు పోతున్నవ్ చెల్లె?”

“పొద్దుగాల పోయి పొద్దుగూకెవరకు వస్త అక్కా. నాలుగు రోజులు ఉంటే నాలుగు రోజుల కూలి పోతది. మనం పర్మినెంటోళ్లమా? మనకు సెలవు ఎక్కడిది?”

ఈ మాట మనం చాలాసార్లు విన్నాం. జీతంతో సెలవు పర్మినెంటు వాళ్లకే ఉంటుందని అనుకుంటాం. ఇది నిజమేనా? చూద్దాం.

బొగ్గుబాయి లెక్క

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుబాయిల ఊళ్లు. బాయిలో పర్మినెంటు కార్మికులు ఉంటారు. బదిలీ కార్మికులు అని కూడా ఉంటారు. ఒకరు పనికి రాని రోజు వారి బదులు దిగేవారే బదిలీ కార్మికులు. ఎవరు పని చేసినా రోజుకు ఒక మస్టరు పడుతుంది.

1952 గనుల చట్టం ఈ మస్టర్లనే లెక్క పెట్టింది. భూమి లోపల పని చేసేవారికి ఏడాదిలో 190 మస్టర్లు నిండాలి. అప్పుడు ప్రతి 15 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు. పైన పని చేసేవారికి 240 మస్టర్లు నిండాలి. వారికి 20 రోజుల పనికి ఒక రోజు సెలవు.

“నువ్వు పర్మినెంటా?” అని ఆ చట్టం అడగలేదు. “ఎన్ని మస్టర్లు?” అని అడిగింది.

కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చేస్తారు. 1966 బీడీ కార్మికుల చట్టం వారికి కూడా సెలవు ఇచ్చింది. 20 రోజుల పనికి ఒక రోజు.

ఇప్పటి చట్టం

2025 నవంబరు 21 నుండి ఆ పాత చట్టాల చోట కొత్త చట్టం వచ్చింది. పది మంది, అంతకు ఎక్కువ మంది పని చేసే చోట అది వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద పని చేసేవారు కూడా కార్మికులే.

జనవరి నుండి డిసెంబరు వరకు 180 రోజులు పని చేయాలి. అప్పుడు 20 రోజులకు ఒక రోజు సెలవు వస్తుంది.

180 రోజులు చేస్తే 9 రోజులు.
240 రోజులు చేస్తే 12 రోజులు.

బొగ్గుబాయి లోపల పని అయితే 15 రోజులకే ఒక రోజు.

పర్మినెంటు వాళ్లకు కంపెనీ ఒప్పందాల వల్ల ఇంకా కొన్ని సెలవులు ఉంటాయి. అవి వేరు. ఈ సెలవు మాత్రం పని చేసిన రోజులను బట్టి వస్తుంది.

కాన్పు సెలవు

కాన్పు సెలవుకు కూడా రోజుల లెక్కే. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు. ఆ తర్వాత కాన్పుకు 12 వారాలు.

ఢిల్లీ నగరపాలక సంస్థలో ఆడవాళ్లు రోజు కూలికి, మస్టరు మీద పని చేసేవారు. వారికి కాన్పు సెలవు ఇవ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2000 మార్చి 8న కోర్టు తీర్పు చెప్పింది. రోజు కూలి వాళ్లకూ ఈ సెలవు ఇవ్వాల్సిందే అంది.

పుస్తకం చూడండి

కొన్ని చోట్ల పని చేసేది ఒకరు. పుస్తకంలో పేరు ఇంకొకరిది. కొన్ని చోట్ల కొన్ని రోజులు రాయనే రాయరు.

ఒక అక్క 200 రోజులు పని చేసింది. ఆమెకు 10 రోజులు సెలవు రావాలి. పుస్తకంలో 150 రోజులే రాశారు. 180 నిండలేదు. ఒక్క రోజు కూడా సెలవు రాలేదు.

అందుకే ప్రతి నెలా మీ పేరు, మీ రోజులు చూసుకోండి. ఇంట్లో క్యాలెండరు మీద మీరు కూడా గుర్తు పెట్టుకోండి. రెండు లెక్కలు కలవకపోతే నలుగురు కలిసి అడగండి. వినకపోతే లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

“చెల్లె, నీకు ఎన్ని మస్టర్లు పడ్డయి?”

“ఏమో అక్కా, ఎన్నడు చూడలే.”

“ఇప్పుడు చదువు వచ్చింది గద. రేపు పుస్తకం అడిగి చూడు.”

చెప్పండి

1. మీరు పోయిన నెల ఎన్ని రోజులు పని చేశారు?
2. పుస్తకంలో ఎన్ని రోజులు రాశారు?
3. 220 రోజులు పని చేస్తే ఎన్ని రోజులు సెలవు వస్తుంది?